తొక్కని గడప

ఆ ఎండాకాలం ఆఖరుకు మా వసారా గోడకు ఏడు పలకలు ఆనించి ఉండేవి. ఆరింటి మీద బలపంతో రాసిన అక్షరాలు. ఏడోదాని మీద తుడిచేసిన తెల్లటి మసక.

పలకలు నేను చేసినవి. రాసింది నా మనవరాలు ప్రియ, మా ఉషారాణి కూతురు. హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది. ఏం చదువని తర్లుపాడులో ఎవరన్నా అడిగితే దగ్గేసి ఊరుకునేవాణ్ణి. ఫ్రాన్సు దేశంలో నవ్వుల నాటకాలు ఆరు వందల ఏండ్లలో ఎట్లా మారుతూ వచ్చాయి, అదీ ఆ చదువు. దాని మీద పుస్తకమంత వ్యాసం రాసి, వానలు పడేలోపల వాళ్ళ సారు చేతిలో పెట్టాలట. ఉగాది దాటిన వారానికి రెండు సంచుల పుస్తకాలతో దిగింది.

"హాస్టల్లో నీళ్ళు లేవమ్మా. ఇంటికాడ కూర్చొని రాసుకుంటా" అంది.

కుట్టుమిషను మీదనుంచి ఉషారాణి తల ఎత్తింది. "నీళ్ళు లేవని తర్లుపాడుకు వచ్చిన మనిషిని నిన్నే చూస్తుండా" అంది.

నాకు పొద్దున పూట ఒకటే పని. గని నుంచి వచ్చిన రాతి బిళ్ళల అంచులు రుద్ది నున్నగా చేయడం. ఇప్పుడు పలక మీద రాసే పిల్లలెవరూ లేరు, అయినా మార్కాపురం నుంచి ఒకాయన అడిగి చేయించుకుంటాడు. వసారాలో గోనెపట్టా పరుచుకొని నేను రుద్దుకుంటుంటే ప్రియ వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, ఏడు పలకలు కావాల నాకు."

"ఏడా?"

"ఆరు వాండ్లవి. ఏడోది తర్వాత చెప్తా."

ఇచ్చాను. ఒక్కో పలక ఒక్కో కాలం. పైన కాలం రాసి, దాని కింద అన్నిటికీ ఒకే ప్రశ్న రాసింది. 'ఎవరిని చూసి నవ్వినారు?' నేను మూడో తరగతి దాటలేదు, కూడబలుక్కొని చదవడానికి కొంత సేపు పట్టింది.

దినానికి ఇంత చదివి నాకు చెప్పేది. నేను వింటుంటే దానికి రాత బాగా సాగుతుందట. నేను ఊ కూడా కొట్టను. అదే మంచిదట.

మొదటి పలక కాలంలో వాళ్ళు సంతలో పీపాల మీద బల్లలు పరిచి ఆడేవాళ్ళు. పల్లెటూరి మొద్దును చూసి, పెండ్లానికి భయపడే మొగుణ్ణి చూసి జనం నవ్వేవాళ్ళు. రెండో పలక కాలానికి ఇటలీ నుంచి మేళాలు దిగాయి. ముఖాలకు తోలు తొడుగులు. పిసినారి ముసలివాడు, నోరు తెరిస్తే శ్లోకాలు చెప్పే పండితుడు, ఆకలి తీరని నౌకరు. తొడుగు చూడగానే వీడెవడో జనానికి తెలిసిపోయేది. మూడో పలక నాటికి నాటకం రాజుగారి ముందుకు పోయింది. అక్కడ వైద్యులను చూసి, తన పిచ్చి కోసం కూతుర్ని ఎవడికో కట్టబెట్టాలనే తండ్రిని చూసి నవ్వినారు. ఇంట్లో అందరికంటే తెలివైంది పనిమనిషి.

"నాలుగో పలకకు వచ్చేసరికి చూడు తాతా, నౌకరు దొర మొహం మీదనే ప్రశ్నలేస్తాడు. అప్పుడు నవ్వేది దొరను చూసి. ఐదోదాంట్లో ఊర్లో డబ్బున్నోళ్ళు, గది నిండా తలుపులు. ఒక తలుపులో దూరి ఇంకో తలుపులో దొరికిపోతుంటారు. ఆరోదాంట్లో ఎవురి మాట ఎవురూ వినరు. అందరూ మాట్లాడతానే ఉంటారు."

"మీ అమ్మా నువ్వూ మాదిరి" అన్నాను.

అది బలపం కింద పెట్టి నా వంక చూసింది. నా నోట్లోంచి అంత మాట రావడం అది ఎరగదు.

దానికి తెలియని సంగతి ఇంకొకటుంది. తోలు తొడుగుల గురించి చెబుతున్నప్పుడు నా చెంపల మీద రంగు ఎండి బిగుసుకున్నట్టయింది. ఇరవై ఏండ్ల వయసులో మూడేండ్లు నేను పగటి వేషాల మేళంలో తిరిగాను. తర్వాత మానేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు కష్టమైన పని కాదు.

అబ్దుల్ రెహమాన్ చెప్పాడు. బస్సులు ఆగేచోట టీ అంగడి వాడిది. నా ఈడువాడు. ఒక సాయంత్రం పాల కోసం పోయిన పిల్లను ఏం చదువుతున్నావని అడిగాడట.

ఇంటికి వచ్చి పాలగిన్నె కింద పెట్టకుండానే అడిగింది. "తాతా, నువ్వు శెట్టి వేషం కడితే శెట్టి దుకాణం మూసుకొని వచ్చి చూసినాడంట. నిజమేనా?"

"రెహమానుకు పనిలేదు."

"నేను ఫ్రాన్సులో యాడనో వెతుకులాడుతుండా. ఇంట్లో మనిషి గమ్మున కూర్చొని అంచులు రుద్దుతుండాడు. ఇదీ నాటకమే గదా" అని నవ్వింది. ఏడో పలక తెచ్చి ముందర పెట్టుకుంది. "చెప్పు."

చెప్పాను. అడిగిన వాటికి మాత్రమే. మేళం ఒక ఊళ్ళో ఐదు దినాలు దిగుతుంది. దినానికొక వేషం. పట్టపగలు, బజారులో. రంగు పూసుకొని, ఊళ్ళోవాళ్ళ నడక, మాట, దగ్గు, తుమ్ము పట్టుకొని ఆడతాం. రెడ్డి మీసం తిప్పడం, కరణం కండ్లద్దాల పైనుంచి చూడడం, శెట్టి తక్కెడ పట్టుకోవడం. వాళ్ళ ముందరే.

"కోపం రాదా వాండ్లకు?"

"దానికి ఒక కట్టడి ఉండె" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మా మేళంలో ఐదో దినం రంగు ముట్టము. మొహం శుభ్రంగా కడుక్కొని, ఈ నాలుగు దినాల్లో ఎవరిని చూపించి నవ్వించామో వాళ్ళ గడపకు పోతాం. గడప తొక్కి, 'నవ్వించినాం. నొప్పించి ఉంటే మనసులోంచి కడిగేసుకోండి' అంటాం. వాళ్ళు చేటలో గింజలు తెచ్చి మా కండువాలో పోస్తారు. గింజ పడిందంటే కోపం లేదని లెక్క. గింజ పడకుండా మేళం ఊరు దాటగూడదు.

ప్రియ రాయడం ఆపేసింది. "నేను ఇన్ని పుస్తకాలు చదివినా గదా తాతా. నవ్వించినోడు మొహం కడుక్కొని నవ్వుబాటైనోడి ఇంటికి పోవడం యాడా చదవలేదు." దాని గొంతు మారింది. "అందరి గడపలకూ పోతారా?"

"అందరికీ."

నేను ఏ మాటకూ అంత తొందరగా బదులు చెప్పను. అది గమనించలేదు.

ఏడో పలక మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. 'ఎవరిని చూసి నవ్వినారో వాళ్ళ గడపకే పోయినారు. ఒక్క గడప కూడా విడవలేదు.' ఫోనులో బొమ్మ తీసి వాళ్ళ సారుకు పంపింది. మర్నాడు సారు ఫోను చేశాడు. ఆఖరి అధ్యాయం దీని మీదే రాయమన్నాడట. వ్యాసమంతా ఈ ఏడో పలక మీద నిలబడుతుందన్నాడట. ఒకసారి వచ్చి మీ తాతగారి నోట వింటానన్నాడట. ప్రియ వీధి గుమ్మం దాకా పోయి మాట్లాడి తిరిగి వచ్చింది. దాని మొహం అట్లా వెలగడం పది పాసైన నాడు చూశాను, మళ్ళీ అప్పుడే.

పదిహేను దినాలు రాసింది. పొద్దున్నే లేచి కూర్చుంటే మధ్యాహ్నం కరెంటు పోయేదాకా లేచేది కాదు. ఆ పదిహేను దినాల్లో ప్రతి దినమూ చెప్పడానికి నాకు వీలుండింది. అంచులు రుద్దుతూ కూర్చున్నాను. పొడి లేస్తే దగ్గు వచ్చేది.

"మూతికి గుడ్డ కట్టుకో తాతా" అనేది తల ఎత్తకుండా.

రోహిణి కార్తె మొదలైన వారంలో ఫెబీ వచ్చింది. ప్రియతో ఒంగోలులో డిగ్రీ చదివిన పిల్ల. పల్లెలో పాపమ్మ మనవరాలు. మా ఊళ్ళో పల్లె అంటే ఊరికి పడమర, రైలు పట్టాల అవతల ఉండే ఇండ్లు. ఇప్పుడు చాలావరకు మిద్దెలే. ఇన్నేండ్లలో నేను అక్కడికి పోలేదు.

ఫెబీ మజ్జిగ తాగుతూ పలకలన్నీ వరసగా చదువుకుంటూ వచ్చింది. మూడో పలక దగ్గర నవ్వింది. ఏడో పలక దగ్గర ఆగింది. రెండుసార్లు చదివింది.

"మా తాత వేషం గూడా కట్టినారంట గదా తాతా మీరు" అంది. ఆ పిల్ల మాటలో కోపం లేదు. ఊరికే అడిగింది. "మా నాయనమ్మ చెప్తాంటాది. మరి మా గడపకు వచ్చినారా?"

నా చేతిలో రాయి ఆగింది.

ప్రియ నా వంక చూసింది. నేను బిళ్ళను తిప్పి రెండో అంచు రుద్దడం మొదలుపెట్టాను.

కాసేపటికి ఫెబీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ప్రియ లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చింది. ఏడో పలకను ఒళ్ళో పెట్టుకొని తుడిచింది. తుడిచి ఎక్కడిది అక్కడే ఆనించింది.

రెండు దినాలు అది నాతో మాట్లాడలేదు. మూడో దినం ఉషారాణి అంది, "నాయనా, పిల్లకు ఏం చెప్పినావు నువ్వు? ముద్ద మింగడంలేదు. ఆఖరి అధ్యాయం తీసేస్తానంటుంది. అది తీసేస్తే ఈ ఏడు చదువు పోయినట్టేనంట గదా."

నేను వసారాలోకి వచ్చాను. ప్రియ కాగితాలు ముందేసుకొని కూర్చుంది, రాయడంలేదు.

"ఒకటి అడుగుతా తాతా. మర్చిపోయి చెప్పినావా, తెలిసే చెప్పినావా?"

"మర్చిపోలేదు" అన్నాను.

"ఆరు పలకల మీద వాండ్లను నిలబెట్టి, ఎవుర్ని చూసి నవ్వినార్రా అని ఆరు వందల ఏండ్ల లెక్క అడుగుతుండా నేను. మన పలక కాడికొచ్చేసరికి..." అని ఆగి కాగితాలు సర్దుకుంది.

మర్చిపోలేదు. మర్చిపోవడం నా చేతిలో పని కాదు.

పాపమ్మ మొగుడు విశ్వాసం నేను పనిచేసిన గనిలోనే పనిచేసేవాడు. రాయిని పొరలు తీయడంలో వాడంతటివాడు లేడు. ముప్పై ఏండ్లు నిండకముందే వాడి రొమ్ములో పలకపొడి కూర్చుంది. నాలుగు అడుగులు వేస్తే ఊపిరి ఆడేది కాదు. ఆగాలి. ఊపిరి కోసం ఆగినట్టు కనబడడం వాడికి ఇష్టంలేదు. అందుకని ఎదురుగా ఎవరుంటే వాళ్ళను పలకరించేవాడు. మనిషి లేకపోతే మేకను. 'ఏమ్మా, బాగుండావా?' అని, అది ఏదో బదులు చెప్పినట్టు తల ఊపుతూ నిలబడి, ఊపిరి అందాక మళ్ళీ నాలుగు అడుగులు. ఎడమ చేయి నడుము మీద.

ఆ ఏడు మేళం మా ఊరికే వచ్చింది. నాలుగో దినం వేషమూ నాదే. బజారులో ఈ చివర నుంచి ఆ చివరకు విశ్వాసంలా నడిచాను. మేకను పలకరించాను, కరెంటు స్తంభాన్ని పలకరించాను, శెట్టి తక్కెడను పలకరించాను. జనం కిందపడి నవ్వారు. ఎవరో 'వీడికి ఊరంతా చుట్టాలేరా' అన్నాడు. జనానికి అవతల, దూరంగా, పల్లెవాళ్ళు నిలబడేచోట విశ్వాసం ఉన్నాడు. వాడూ నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ దగ్గుకొని కూలబడ్డాడు.

ఐదో దినం రెడ్డి గడపకు పోయాం. కరణం గడపకు, శెట్టి గడపకు పోయాం. గింజలు పడ్డాయి. బండి కట్టాం. పల్లెకు పోవద్దని ఎవరూ అనలేదు. అనే పనే లేదు, ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. బండి మీద కూర్చొని పడమటి వైపు ఒకసారి చూశాను. తర్వాత కనిగిరి దారి వైపు తిరిగి కూర్చున్నాను. ఆ వానాకాలం దాటకుండా విశ్వాసం పోయాడు.

ప్రియ అట్లా అడిగిన మర్నాడు తెల్లవారి మొహం కడుక్కున్నాను. తెల్ల కండువా వేసుకున్నాను. పట్టాలు దాటడానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది.

పాపమ్మ రేకుల పంచలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. చూపు తగ్గినట్టుంది, తల పక్కకు వంచి చూసింది.

"గురుస్వామిని" అన్నాను.

"తెలుసులే. దగ్గు ఇనే అనుకున్నా, గనిలో మనిషి ఎవురో వస్తాండారని. ఎండన పడి వచ్చినావు, కూర్చో."

కూర్చోలేదు. గడప ముందర నిలబడ్డాను. యాభై ఏండ్ల కింద కంఠతా వచ్చిన మాట. చివరకు అన్నాను. "పాపమ్మక్కా. నవ్వించినాం. నొప్పించి ఉంటే మనసులోంచి కడిగేసుకో."

ఆమె చేతులు ఆగాయి. తర్వాత మళ్ళీ ఒక కాయ తీసుకుంది.

"నొప్పెందుకు. ఆయప్ప ఎంత సంబరపడినాడో నీకేం తెలుసు. రెడ్డికి కట్టినారు, కరణానికి కట్టినారు, నాకూ కట్టినారే, రేపు మన గడపకొస్తారు అన్నాడు. ఆ దినం పనికి పోలేదు. గడ్డం గీయించుకున్నాడు. నాతో గడపకు ఎర్రమన్ను పూయించినాడు. చేటలో కొర్రలు పోసుకొని ఇదో, నువ్వు నిలబడిన కాడ్నే కూర్చున్నాడు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"పొద్దు వాలిందాక కూర్చున్నాడు. మీ బండి దుమ్ము కనపడింది."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. కొర్రలు కుండలో పోసేసినాడు."

లోపలినుంచి ఫెబీ వచ్చింది. దాని వెనకాల ప్రియ. రెండు దినాలుగా పొద్దునపూట ఎక్కడికి పోతోందో నేను అడగలేదు. చేతిలో ఫోను ఉంది. నన్ను చూసి ద్వారబంధం దగ్గరే ఆగింది. నేను తలవంచుకున్నాను. మనవరాలి ముందర అట్లా నిలబడతానని ఎప్పుడూ అనుకోలేదు.

"మాకు ఫోటో లేదు" అంది పాపమ్మ. "మాకెవురు తీస్తారు అప్పుడు? నా కొడుకుకు రెండేండ్లు, వానికే గుర్తులేదు. ఈ పిల్ల సన్నప్పటి నుంచి అడుగుతాది, తాత ఎట్లుండేవాడని. నాకు కండ్లలో ఉండాడు. చూపించాలంటే నా వల్లయితాదా?" ఒళ్ళోని చింతపండు పక్కకు దులిపింది. "నీకు వచ్చు గదా. నడువు."

"అక్కా."

"నడిచి చూపించు. ఆడ మేక ఉంది గదా, దాని దాకా."

మేక ఎదురింటి గోడ నీడలో కట్టేసి ఉంది. ఇరవై అడుగులుంటుంది. కండువా తీసి గడప మీద పెట్టాను. ఎడమ చేయి నడుము మీద పెట్టుకున్నాను. నాలుగు అడుగులు వేశాను.

"చెయ్యి ఇంకొంచెం ఎనక్కి" అంది పాపమ్మ.

వెనక్కి పెట్టాను. మళ్ళీ నాలుగు. ఫెబీ మెట్టు దిగి నా పక్కగా నడుస్తోంది, నా కాళ్ళ వంక చూస్తూ. ప్రియ ఫోను ఎత్తలేదు.

మేక దగ్గరికి చేరేసరికి నాకు ఊపిరి అందలేదు. రొమ్ములో ఏదో రాయి పొరలు విడుతున్నట్టయింది. పడిపోకుండా నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి మేకను చూసి అన్నాను.

"ఏమ్మా. బాగుండావా?"

అది నమలడం ఆపి నన్ను చూసింది. నేను తల ఊపుతూ నిలబడ్డాను. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.

వెనక పాపమ్మ నవ్వు వినబడింది. తర్వాత మాట.

"ఆ. ఇప్పుడొచ్చింది సరిగ్గా. ఆ పొద్దు బజారులో ఇట్ల రాలేదు నీకు. ఫెబీ, చేటలో గింజలు తేమ్మా."

అది వేషం కాదని నేను చెప్పలేదు. ప్రియ గడప మీది కండువా తీసుకొని, రెండు చేతులా పరిచి పట్టుకొని నా దగ్గరికి వస్తోంది.